నీళ్ల మీద తేలిన తునక

పోయిన వారం నేను ఆసుపత్రి వెనక మెట్ల మీద, చేతిలో స్కాన్ రిపోర్టుతో కూర్చుండిపోయాను. ఈ వారం అక్కడి నుంచే లేవాలి. కొత్తగా చేరినవాళ్లకి నాలుగు ముక్కల్లో చెబుతాను. మా వదినకి పెద్దపేగులో కేన్సర్ వచ్చి కాలేయానికి పాకింది. నేను పని చేసే ల్యాబులోనే ఆమె కాలేయం ముక్క పరీక్షించారు. అందులో గుత్తి ఉందని తేలింది. గుత్తి ఉన్నవాళ్లకి మాత్రమే పట్టే మందు తొమ్మిది వారాలుగా వేస్తున్నారు. ఇప్పుడు తీసిన స్కాన్‌లో మచ్చలు తగ్గలేదు సరికదా, రెండున్నవి అయిదయ్యాయి.

గుత్తి అన్నది మా ల్యాబు మాట. పుస్తకాల్లో దాన్ని జన్యు విస్తరణ అంటారు. మన ఒంట్లో ఏ కణాన్ని తీసుకున్నా ఒక్కో జన్యువుకి రెండేసి నకళ్లుంటాయి. కొన్ని కేన్సర్ కణాల్లో ఏదో ఒక జన్యువు అదుపు తప్పి పదీ ఇరవై నకళ్లకి పెరిగిపోతుంది. మా చీకటి గదిలో, రంగు పట్టించిన స్లైడు మీద, ఒక్కో నకలు ఒక్కో ఎర్ర చుక్కగా మెరుస్తుంది. కణానికి రెండు చుక్కలుంటే మామూలు. లెక్క తెలియనన్ని ఒకచోట గుమిగూడితే గుత్తి. పెద్దపేగు కేన్సర్ ముదిరిన వందమందిలో నలుగురికి ఉంటుందేమో. ఆ నలుగురి కోసం దాన్నే గురి చూసి కొట్టే మందు ఉంది. మిగతా తొంభై ఆరుమందికీ ఆ మందు ఒకటే, మంచినీళ్లు ఒకటే.

ఆ నలుగురిలో తానొకతెనని తెలిసిన రోజు వదిన వీధి వీధంతా చెప్పుకుంది. "మా ఆడపడుచు చూసిందట, నా లివర్లో దానిమ్మకాయ పగిలినట్టుందట" అని. జబ్బుని అంత గొప్పగా చెప్పుకున్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు. మందు మూలంగా రోజుకి ఆరుసార్లు బాత్రూమ్‌కి పరిగెత్తుతూ కూడా "పని చేస్తున్నట్టే ఉంది, నన్ను మాత్రం కూర్చోనివ్వట్లేదు" అని నవ్వేది. మా అమ్మ పోయేనాటికి నాకు ఎనిమిదేళ్లు. అన్నయ్యకి పెళ్లయి ఆర్నెల్లు. కొత్త కోడలు మా ఇంట్లో కాపురం నాకు జడ వేయడంతో మొదలుపెట్టింది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ, మా ఇంట్లో ఆడబిడ్డ వదినకి పెద్దకూతురు. ఆమె సంగతి వచ్చేసరికి నాకు రూలూ కనపడదు, పక్క మనిషీ కనపడదు. ఈ ముప్పంతా అందులోంచే పుట్టింది.

స్కాన్ సంగతి ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియదు. మందు డాక్టరు మర్నాడు పదింటికి రమ్మన్నాడు, అప్పుడు చెబుతాడు. నేను లోపలి మనిషిని కనక ఒక రోజు ముందే చూశాను. ఇన్నాళ్లూ లోపలి మనిషిననే ధీమాతో క్యూలు దాటించాను, పరీక్షలు రాయించాను. ఆ సుఖానికి ఇవాళ వడ్డీ కడుతున్నానని అనుకుంటూ మెట్లు దిగాను. ఫోన్ మోగింది. వదినే.

"తిన్నావా?"

"తిన్నా" అన్నాను. తినలేదు.

"అబద్ధమాడేటప్పుడు నీ గొంతు సన్నమవుతుందే అమ్మడూ. సరేగానీ, నేను మధ్యాహ్నం లెక్కల టీచరింటికి వెళ్తున్నా. నాలుగు రోజుల్నుంచి మెసేజ్ పెడితే జవాబు లేదు. మీ అన్నయ్యకి చెప్పకు, ఎండలో తిరుగుతున్నానని గోల చేస్తాడు."

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్లాలి కదా వదినా. ఇవాళ ఇంట్లో ఉండచ్చుగా."

"రేపు నాకు మంచి మాట చెబుతారు. చెప్పించుకున్నాక ఆవిడ దగ్గరికి వెళ్తే గొప్పలకి వెళ్లినట్టుంటుంది. ఇవాళే వెళ్తా" అని పెట్టేసింది.

లెక్కల టీచరు ఎవరో చెప్పాలి. కాలేయంలోంచి సూదితో ముక్క తీయించుకున్న రోజు వదినకి పక్క మంచం ఆవిడ. ఆవిడదీ ఇదే జబ్బు, ఇదే తరహా. సూది పొడిచాక నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. ఆ నాలుగు గంటల్లో మా వదిన ఆవిడ ఉద్యోగం, పిల్లలు, వంటగది కొలతలతో సహా కనుక్కుని స్నేహం కలిపేసుకుంది. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. వదినకి గుత్తి దొరికిందని విన్నప్పుడు ఆవిడ అన్నదట: "వందలో నలుగురు మీ జట్టు, తొంభై ఆరుమంది మా జట్టు. గెలుపు మీది కావచ్చు, మందీమార్బలం మాత్రం మాదే." రెండు వారాల కిందట ఆవిడకి డాక్టరు చేతులెత్తేశాడు. ఇక మందులేవీ పట్టవు, ఇంట్లో ఉండండన్నాడు.

ఇంకో మాట కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. ఆరు వారాల కిందట వదిన నన్నడిగింది. "ఆవిడకి కూడా ఆ చుక్కల పరీక్ష చేయించరాదూ? వాళ్ల డాక్టరు రాయలేదట" అని. అది అందరికీ రాయరు వదినా, వందలో నలుగురి కోసం వందమందికీ చేస్తూ కూర్చుంటామా అన్నాను. వదిన విషయంలో మాత్రం మందు డాక్టరు గదిముందు రెండు రోజులు నిలబడి రాయించింది నేనే.

ల్యాబులోకి అడుగు పెట్టేసరికి వరండాలో బల్ల మీద తాతగారు కూర్చుని ఉన్నారు. ఆయన ఎవరికీ తాత కాదు, పెళ్లే చేసుకోలేదు. నాకు ఈ పని నేర్పింది ఆయన. పని వేళలో ఆయన కూర్చుని ఉండటం నేనెప్పుడూ ఎరగను. చేతిలో మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది. ఏమైందని అడిగితే, "డాక్టరమ్మ నిన్ను చీకటి గదికి రమ్మంది, వెళ్లు తల్లీ" అన్నారు. నా మొహం చూడలేదు.

చీకటి గదిలో డాక్టరమ్మ, మా స్లైడ్లు చూసి రిపోర్టు రాసే ఆవిడ, సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఉంది. దానికి కళ్లు పెట్టుకునే చోట్లు రెండు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే స్లైడు చూడచ్చు. తలుపు వేయమంది. వేశాను. మిషను ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ గదిలో నేను వేలసార్లు కూర్చున్నాను, ఎప్పుడూ భయం వేయలేదు. ఆ రోజు వేసింది.

"స్కాన్ చూశావా?"

"చూశాను మేడమ్. కొందరికి గుత్తి ఉన్నా మందు పట్టదు కదా. సగంమందికి పైగా పట్టదంటారు."

"అంటారు. నేనూ ముందు అదే అనుకున్నా. కానీ మీ వదిన రక్తపరీక్షలో గుత్తి జాడే లేకపోవడం చూసి మందు డాక్టరుకి అనుమానం వచ్చింది. మైనంలో దాచిన పాత ముక్కలోంచి మళ్లీ ఒకసారి చూడమన్నాడు. నువ్వు ఆవిణ్ణి స్కాన్‌కి తీసుకెళ్లిన రోజు కోయించాను. ఇదిగో, చూడు."

కళ్లు ఆనించాను. నల్లని ఆకాశంలో నీలం గోళాలు. ఒక్కో గోళంలో రెండు ఎర్ర చుక్కలు, పక్కన లెక్క సరిచూసుకోవడానికి వేసే పచ్చ చుక్కలు రెండు. డాక్టరమ్మ స్లైడు జరుపుతూ పోయింది. రెండు. రెండు. రెండు. ఒకచోట మూడు కనబడితే నా గుండె లేచింది. అది రెండు కణాలు ఒకదాని మీదొకటి పడటం. చివరికంటా వెళ్లాం. గుత్తి లేదు.

"ఇది వదినది కాదు" అన్నాను.

"నాలుగుసార్లు నంబరు చూసుకున్నా. ఆవిడదే." డాక్టరమ్మ ఫ్రిజ్‌లో దాచిన పాత స్లైడు తీసి పెట్టింది. "ఇది ఆ రోజుది. మసకబడింది గానీ కనబడుతుంది."

అదే సన్నని దారంలాంటి ముక్క. అందులోనూ రెండు, రెండు. ఆ తర్వాత ఆమె స్లైడుని అంచు వైపు జరిపింది. కాసేపు ఏమీ లేని నలుపు. ఆ నలుపు దాటాక ఒంటరిగా ఒక తునక. గోరు కొనంత కూడా ఉండదు. దాంట్లోని ప్రతి కణంలోనూ ఎర్రగా, గుత్తులు గుత్తులుగా.

నేను దానిమ్మకాయ అని వదినకి చెప్పింది దీన్నే.

"దీనికీ ఆ ముక్కకీ మధ్య ఖాళీ ఉంది, చూశావా?" డాక్టరమ్మ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఆ రోజు నేనూ చూశా. సూదిలో విరిగిన కొసేమో అనుకున్నా. కేన్సర్ అంతటా ఒకేలా ఉండక్కర్లేదు, ఒకచోట గుత్తి ఉండి ఒకచోట లేకపోవచ్చని రిపోర్టులో రాశా. రాయడానికి అదొక మాట దొరికింది. నిజం చెప్పనా? నువ్వు ఆ గుమ్మంలో నిలబడి ఉన్నావు. పొద్దున్నుంచీ నాలుగోసారి. దొరికింది అని నీతో చెప్పాలని నాకూ ఉండింది."

బ్లాకులు కోసే పనిలో పద్దెనిమిదేళ్లున్నదాన్ని. ఒంటరి తునక అంటే ఏమిటో నాకు ఆమె చెప్పక్కర్లేదు.

మా పని తెలియనివాళ్లకి ఇది చెప్పాలి. మనిషి ఒంట్లోంచి తీసిన ముక్కని మైనంలో పోసి బ్లాకు చేస్తారు. ఆ బ్లాకుని మేము కోత మిషను మీద వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన పొరలుగా తీస్తాం. పొర ముడుచుకుపోకుండా గోరువెచ్చని నీళ్ల తొట్టిలో వదులుతాం. అది నీళ్ల మీద విచ్చుకుంటుంది. అప్పుడు కింద నుంచి గాజు స్లైడు పెట్టి ఎత్తుకుంటాం. ఒక బ్లాకు అయ్యాక, రెండోది మొదలుపెట్టే ముందు, మెత్తని కాగితంతో నీళ్ల పైభాగం ఈ చివర నుంచి ఆ చివరికి తుడవాలి. ఎందుకంటే ముందు మనిషి పొరలోంచి చిన్న తునక ఏదైనా నీళ్ల మీద ఉండిపోతే, అది కంటికి కనబడదు. తర్వాతి మనిషి స్లైడు మీదికి ఎక్కి కూర్చుంటుంది. తాతగారు ప్రతి బ్లాకుకీ రెండుసార్లు తుడుస్తారు. పెళ్లికూతురి మొహం తుడిచినట్టు తుడుస్తారని మేమంతా వేళాకోళం చేసేవాళ్లం. ఆయన నవ్వి మూడోసారి తుడిచేవారు.

"రిజిస్టరులో కోసినవాళ్ల సంతకం తాతగారిది" అంది డాక్టరమ్మ. "పొద్దున పిలిచి మెమో ఇచ్చా. ఆయన చేతులు వణుకుతున్నాయని ఏడాదిగా అందరూ అంటున్నదే. నేనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చా. ఆయన ఒక్క మాట అనలేదు. తీసుకుని బయట కూర్చున్నారు."

"ఆయన కోయలేదు" అన్నాను.

ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"నేను కోశాను."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. సొంతవాళ్ల బ్లాకు సొంతవాళ్లు ముట్టుకోకూడదన్నది మా ల్యాబు గోడ మీద రాసి ఉన్న మూడో రూలు. ఆ కాగితం అంటించింది కూడా నేనే.

"చెప్పు" అంది.

చెప్పాను. ఆ రోజు వదిన బ్లాకు తాతగారి వంతులో పడింది. సూదితో తీసిన ముక్క, దారమంత. చేయి కాస్త తడబడితే సగం ముక్క మైనంతో పాటు తరుగులోకి పోతుంది, ఇక పరీక్షకి ఏమీ మిగలదు. ఆయన చేయి వణకడం నాకు తెలుసు. నా చేయి ఎలాంటిదో కూడా నాకు తెలుసు. అందరూ అనేవాళ్లు, నేను పొర తీస్తే దానిలోంచి పేపరు చదవచ్చని. ఆ మాటలు తలకెక్కి ఉన్నాయి. తాతగారు ముందు బ్లాకు పూర్తి చేసి, స్లైడ్లు పక్కన పెట్టి, తుడవడానికి కాగితం తీసుకున్నారు. నేను వెళ్లి ఆయన భుజం మీద చేయి వేసి, లేవండి తాతగారూ, ఇది నేను చేస్తాను అన్నాను. ఆయన ఒక క్షణం ఆగారు. తర్వాత లేచారు. నేను కూర్చుని, ఊపిరి బిగబట్టి, వరసగా ఏడు పొరలు తీశాను. ఒక్కటి చిరగలేదు, ఒక్కటి ముడతపడలేదు. ఆ పూట నన్ను చూసి నాకే ముచ్చటేసింది. సంతకం పెట్టమని రిజిస్టరు ఆయన ముందుకి తోసి వెళ్లిపోయాను.

"తొట్టి తుడిచావా?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. జవాబు కోసం వెనక్కి చూస్తే నాకు కనబడుతున్నది ఒకటే. తాతగారు మిషను పక్కన నిలబడి నా చేతుల వైపు చూస్తున్నారు. ఆయన చేతిలో కాగితం అలాగే ఉంది. పొడిగా, మడత విప్పకుండా.

"లేదు మేడమ్."

అంటూనే ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. తొమ్మిది వారాలు. వదిన నవ్వుతూ బాత్రూమ్‌కి పరిగెత్తిన తొమ్మిది వారాలు, ఆమెది కాని జబ్బుకి మందు తాగింది. నేను తాగించాను. వణికే చేయి అయితే ముక్క కాస్త తక్కువ మిగిలేదేమో, అంతే. నా మంచి చేయి ఆమెకి వేరే మనిషి కేన్సర్‌ని అంటగట్టింది.

డాక్టరమ్మ నన్ను ఏడవనిచ్చింది. తర్వాత అంది: "మీ వదిన సంగతి రేపు మందు డాక్టరుతో కలిసి నేనే చెబుతా. తప్పు రిపోర్టు నాది, సరిచేసింది ఇవాళ సాయంత్రమే వెళ్తుంది. ఆవిడకి దారులన్నీ మూసుకుపోలేదు. రెండో రకం మందు ఇంకా వేయనే లేదు. పోయిన తొమ్మిది వారాలు మాత్రం తెచ్చివ్వలేం."

"తాతగారి మెమో?"

"చించేస్తా. నీకు రాస్తా. నాకు నేనూ ఒకటి రాసుకోవాలి." ఆమె మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుని సూక్ష్మదర్శినిలోకి వంగింది. ఆ ఎర్ర తునక ఇంకా అక్కడే వెలుగుతోంది. "నువ్వు మీ వదిన కోసం ఏడుస్తున్నావు, ఏడు. కానీ పొద్దున్నుంచీ నేను ఇంకోటి ఆలోచిస్తున్నా. గుత్తి అబద్ధం కాదు. ఇది కళ్ల ముందు ఉంది. ఇది మీ వదినది కాకపోతే, ఎవరిది?"

చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ మాట ఆమె అనేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆ తునక నాకు ఒక మరక మాత్రమే. దానికో మనిషి ఉంటుందని, ఆ మనిషికి ఈ మందు పట్టి ఉండేదేమోనని, ఆ మందు ఆమెకి అందలేదని తట్టలేదు.

రిజిస్టరు తెచ్చాను. ఆ రోజు పేజీ తీశాను. వదిన నంబరు చివర పద్దెనిమిది. దానిపైన పదిహేడు, తాతగారి గుండ్రటి అక్షరాల్లో. ఆడ, యాభై నాలుగు, కాలేయం. పక్కన అడిగిన పరీక్షలు రాసే గడిలో మామూలు రంగు పరీక్ష ఒక్కటే ఉంది. చుక్కల పరీక్ష గడి ఖాళీ.

బీరువాలోంచి పదిహేడో నంబరు మనిషి కాగితాలు డాక్టరమ్మే తీసింది. పై కాగితం మీద పేరు నాకు కొత్త. వదిన ఆవిణ్ణి ఎప్పుడూ పేరుతో పిలవదు. దానికింద వృత్తి అన్నచోట ఉపాధ్యాయిని అని ఉంది. సూది తీసిన గది నంబరు, మంచం నంబరు ఉన్నాయి. వదిన మంచం నాలుగు. ఇది అయిదు.

ఒకే గదిలో, ఒకే గంటలో ముక్కలు తీస్తే నంబర్లు వరసగానే పడతాయి. వరసగానే కోస్తారు. ఇందులో విచిత్రమేమీ లేదు. అయినా ఆ రెండు నంబర్ల మీద వేలు పెట్టి మళ్లీ చదివాను.

"ఎవరో తెలుసా నీకు?" అంది డాక్టరమ్మ.

"తెలుసు." గొంతు సన్నమైంది, అబద్ధం కాకపోయినా. "రెండు వారాల కిందట ఇంటికి పంపేశారు."

ఆమె ఆ కాగితాలు సర్ది పక్కన పెట్టింది. "ముందు పదిహేడో బ్లాకు కోసి పరీక్ష చేయాలి. ఆవిడదే అని తేలడానికి రెండు రోజులు. తేలకుండా ఒక్క మాట కూడా ఆ ఇంటికి వెళ్లకూడదు. ఒకసారి తప్పుడు ఆశ పెట్టాం, రెండోసారి పెట్టలేను. అర్థమైందా?"

అర్థమైందన్నాను.

బయటికి వచ్చి తాతగారి పక్కన కూర్చున్నాను. ఆయన మెమోని ఇంకో మడత పెట్టారు.

"చెప్పేశాను" అన్నాను. "మీరెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పను? నువ్వు లేవమన్నావు, నేను లేచాను." ఆయన అరచేతులు చూసుకున్నారు. చేతులు సన్నగా వణుకుతున్నాయి. "ఆగు, ముందు తుడవనీ అనాల్సింది. నలభై ఏళ్లలో ఎవరు తొందరపెట్టినా అన్నాను. ఆ రోజు నువ్వు నా చేతుల వైపు చూశావు తల్లీ. అది చూశాక నోరు రాలేదు."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. పంచుకుంటే తగ్గుతుందని ఎవరూ అనలేదు.

పదిహేడో బ్లాకు తాతగారే కోశారు. డాక్టరమ్మ పక్కన నిలబడింది. నన్ను గుమ్మం దాటి రావద్దంది. ఆయన ముందు తొట్టిలో నీళ్లు మార్చారు. తుడిచారు. రెండోసారి తుడిచారు. మూడోసారి తుడుస్తుంటే నాకు నవ్వు రాలేదు. వణికే చేతుల్లోంచి పొర మెల్లగా దిగింది, చిరగకుండా. పద్దెనిమిదేళ్లలో ఆయన పొర తీయడాన్ని నేను మొదటిసారి సరిగ్గా చూశాను.

రెండు రోజులు. గోడ గడియారంలో మూడున్నర. రెండు రోజులంటే డాక్టరమ్మకి తక్కువే, పరీక్షకి అంతకంటే తగ్గదు. కానీ రెండు వారాలుగా మందు లేని మనిషికి రెండు రోజులంటే ఎంతో నాకు తెలియదు. నడవగలుగుతోందా, తింటోందా, ఇప్పుడు మందు ఇచ్చినా తట్టుకునే ఓపిక ఉందా. మాట దాటనని ఒప్పుకున్నాను. పరీక్ష గురించి ఒక్క ముక్క అననని నాకు నేను చెప్పుకున్నాను. ఎలా ఉన్నారని అడుగుతాను, అంతే. అసలు సంగతి అది కూడా కాదు. ఆవిడ గొంతు వినాలి. ఉందని తెలియాలి. ఆ ఫోన్ నంబరు కాగితం మీద చూసినప్పుడే నా బుర్రలో అచ్చుపడిపోయింది.

వెనక మెట్ల మీదికి వెళ్లాను. పొద్దున కూర్చున్న మెట్టు మీదే కూర్చుని నంబరు నొక్కాను. మోగింది. ఆరుసార్లు, ఏడుసార్లు. పెట్టేద్దామనుకుంటుండగా ఎత్తారు.

అవతల మాటల్లేవు. దూరంగా బరువైన సామాను ఏదో నేల మీద ఈడుస్తున్న చప్పుడు. మంచమో, బీరువానో. ఎవరో మెల్లగా, గోడ తగులుతుంది చూసుకో అంటున్నారు.

"హలో" అన్నాను. "టీచరుగారేనా?"

"అమ్మడూ?"

నంబరు మళ్లీ చూసుకున్నాను. నేను నొక్కింది టీచరు నంబరే. గొంతు మా వదినది.

"వదినా. ఆవిడ ఫోన్ నువ్వెత్తావేంటి?"

ఈడుస్తున్న చప్పుడు ఆగింది. వదిన ఊపిరి వినిపిస్తోంది. ఆమె మాట్లాడినప్పుడు, ముప్పై ఏళ్లుగా నాకు తెలిసిన ఆ నవ్వు గొంతులో ఎక్కడా లేదు.

"నీకు అప్పుడే ఎవరు చెప్పారే?"